విమాన సంస్థలు కలిసిపోతే మా సర్వీసు, మా ఊరి పోస్టింగు రెండూ నిలబడతాయా?

ప్రశ్న: ఏడుకొండల కింద (తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను రేణిగుంట విమానాశ్రయంలో ఒక విమాన సంస్థ ఉద్యోగిని. చెకిన్ కౌంటర్, బోర్డింగ్ గేట్, రద్దీ ఉన్న రోజు లగేజీ బెల్టు దగ్గర కూడా నేనే. చిన్న స్టేషన్లలో ఒక్కొక్కరం మూడు నాలుగు పనులు చూసుకుంటాం. సంస్థ పేరు రాయను. దయచేసి ఎవరూ ఊహించి రాయకండి, నాకు ఇబ్బంది అవుతుంది.

మా సంస్థను ఇంకో పెద్ద సంస్థలో కలుపుతున్నారు. ఈ సంగతి మాకు ముందు టీవీలోనే తెలిసింది, మెయిల్ తర్వాత వచ్చింది. ఆ పైన వీడియో మీటింగ్ పెట్టి ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదన్నారు. ఆ మాట కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. పోయిన వారం పోర్టల్‌లో ఒక్కొక్కరికీ ఒక లెటర్ పెట్టారు. జీతం మొత్తం ఇంచుమించు అంతే ఉంది. గ్రేడు పేరు మారింది. దేశంలో ఏ స్టేషన్‌కైనా బదిలీ చేయవచ్చు అన్న వాక్యం చేరింది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది "చేరిన తేదీ" అన్న గడి. అక్కడ విలీనం జరిగే తేదీ ఉంది. నేను 2015లో చెన్నై మీనంబాక్కంలో చేరాను. ఆ తేదీ లెటర్‌లో ఎక్కడ వెతికినా లేదు. శుక్రవారంలోపు "అంగీకరిస్తున్నాను" అని నొక్కాలట.

మా నాన్నకు స్విమ్స్‌లో గుండె వైద్యం జరుగుతోంది. ఆయన కోసమే ఏళ్ల తరబడి అడిగి అడిగి 2021లో రేణిగుంటకు బదిలీ చేయించుకున్నాను. నా భార్య ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. తిరుచానూరు రోడ్డులో ఫ్లాటు కొన్నాం, దాని ఈఎంఐ ఇంకా చాలా ఏళ్లు ఉంది.

ఇప్పుడు రేణిగుంటలో మాకో టీమ్, వాళ్లకో టీమ్ ఉన్నాయి. సంస్థ ఒకటయ్యాక ఇద్దరు స్టేషన్ మేనేజర్లు, రెండు సెట్ల షిఫ్టు ఇన్‌చార్జులు అక్కర్లేదు కదా. మిగిలినవాళ్లను తీసేయరు, ఢిల్లీకో గువాహటికో వేస్తారు. వెళ్లలేనివాళ్లు వాళ్లంతట వాళ్లే రాజీనామా ఇస్తారు. తీసేశారన్న మాట ఎక్కడా పడకుండానే ఉద్యోగం పోతుంది. నా భయం ఇది.

ఇంకో సంగతి కూడా అడగాలి. విమానాలు ఆగే మా ర్యాంపు మీద లోడర్లుగా పనిచేసే పిల్లలు ఉన్నారు. కరకంబాడి, ఏర్పేడు, గాజులమండ్యం వైపు నుంచి వస్తారు. మే నెల ఎండలో ఆ కాంక్రీటు మీద నిలబడి పెట్టెలు ఎత్తేది వాళ్లే. కాంట్రాక్టరు కింద పని కాబట్టి వాళ్లకు మెయిలూ రాలేదు, లెటరూ రాలేదు. "అన్నా, మా సంగతేంది?" అని నన్ను అడుగుతారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. మా సర్వీసు లెక్క ఎట్లా? వాళ్ల గతి ఏమిటి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: మంజుల (సొంతూరు పీలేరు, ఇప్పుడు శంషాబాద్)

అన్నా, నేను కూడా ఒక విలీనం చూసినదాన్నే, అదీ విమానాల్లో కాదు, ఆఫీసు వైపు. అప్పుడు మా డిపార్ట్‌మెంటులో జరిగినదానికీ, పేపర్లలో వచ్చినదానికీ పోలిక కనిపించింది కాబట్టి రాస్తున్నా.

విలీనంలో అందరికీ ప్రమాదం ఒకే రకంగా ఉండదు. విస్తారాను ఎయిర్ ఇండియాలో కలుపుతామని 2022 నవంబరులో ప్రకటించారు, 2024 నవంబరు 12న కలిపారు. మధ్యలో రెండేళ్లు. ఆ రెండేళ్లలో పైలట్లనూ క్యాబిన్ సిబ్బందినీ వదులుకోవాలని ఎవరూ అనుకోలేదు. విమానాలు పెరుగుతున్నాయి, శిక్షణ పొందిన మనుషులు చాలడం లేదు. ఇబ్బంది వచ్చింది నేల మీద పనిచేసేవాళ్లకు, అందులోనూ ఫైనాన్స్, హెచ్ఆర్, ఐటీ, సేల్స్ లాంటి చోట్ల. దాదాపు 600 మందికి చోటు దొరకడం కష్టమని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2024 జులైలో విమానాల్లో ఎగరని సిబ్బందికి స్వచ్ఛంద పదవీ విరమణ పథకం తెచ్చారు. ఐదేళ్ల సర్వీసు నిండనివాళ్లకు వేరే పథకం పెట్టారు.

ఎగిరేవాళ్లకు ఉద్యోగం ఉంది కానీ షరతులు మారాయి. 2024 ఏప్రిల్‌లో విస్తారా పైలట్లు కొత్త జీతాల పద్ధతి నచ్చక పెద్ద సంఖ్యలో సెలవులు పెట్టారు. అంతకుముందు నెలకు 70 గంటలకు హామీగా వచ్చే జీతం కొత్త పద్ధతిలో 40 గంటలకు తగ్గుతుందన్నది గొడవ. ఆ మరుసటి నెలలోనే ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది కూడా అట్లాగే చేశారు. పాతిక మంది దాకా తీసేశారు, ఢిల్లీలో కేంద్ర లేబర్ అధికారుల దగ్గర మాట్లాడుకున్నాక మళ్లీ తీసుకున్నారు. అప్పుడు ఆ సంస్థలో కూడా విలీనం నడుస్తోంది.

మీది విమానాశ్రయం పని కాబట్టి ఆఫీసు వాళ్లంత ప్రమాదం లేదనుకుంటా. విమానం వచ్చిన ప్రతిసారీ కౌంటర్లో మనిషి ఉండాల్సిందే. ఇన్‌చార్జులకు, మేనేజర్లకు మాత్రం పోటీ తప్పదు. మీది ఏ గ్రేడో దాన్ని బట్టి ఆలోచించుకోండి. అట్లాగే ఆఫీసు మెయిల్లో ఉన్న మీ సొంత కాగితాలు ఈ రాత్రికే బయటకు తీసి పెట్టుకోండి: అపాయింట్‌మెంట్ లెటరు, ఇంక్రిమెంట్ లెటర్లు, 2021 బదిలీ ఆర్డరు, జీతం స్లిప్పులు, ఫారం 16. విలీనం రోజున పాత పోర్టల్ మూసేస్తే తర్వాత ఎవరిని అడగాలో కూడా తెలియదు. మా దగ్గర చాలామంది ఆ కాగితాల కోసం నెలల తరబడి తిరిగారు.

జవాబు: చిత్తూరు వకీలు

మీ పోస్టు రెండుసార్లు చదివాను. కార్మిక కేసులు చూస్తుంటాను కాబట్టి చట్టం ఏం చెబుతుందో రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పెద్ద సంస్థలో మనుషుల్ని తగ్గించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని చాలామంది అంటారు. ఆ నియమం ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు మాత్రమే. విమాన సంస్థలకు వర్తించదు. అందుకని దాని మీద ఆశ పెట్టుకోకండి.

మీకు పనికొచ్చేది వేరే ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ఎఫ్ అనే సెక్షన్ ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, ఈ రక్షణ అందులోనూ కొనసాగింది. సంస్థ యాజమాన్యం ఒప్పందం వల్ల మారినా, కోర్టు ఉత్తర్వు లాంటి చట్టప్రక్రియ వల్ల మారినా, ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి తొలగింపు పరిహారం ఇవ్వాలి. ఇవ్వనక్కర్లేదంటే కొత్త యాజమాన్యం మూడు షరతులకూ కట్టుబడాలి. సర్వీసులో విరామం ఉండకూడదు. కొత్త షరతులు పాతవాటికంటే తక్కువగా ఉండకూడదు. రేపు ఎప్పుడైనా తీసేస్తే పాత సంస్థలో చేసిన ఏళ్లు కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత కొత్త సంస్థది కావాలి.

మీ లెటర్‌లో 2015 తేదీ లేకపోవడం చిన్న విషయం కాదని అందుకే అంటున్నాను. పరిహారం లెక్క ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. గ్రాట్యుటీ కూడా సర్వీసు ఏళ్ల మీదే. గ్రాట్యుటీ లెక్కే చూడండి: నెలకు 26,000 వేతనం, పదేళ్ల సర్వీసు అనుకోండి. 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 15,000, పదేళ్లకు లక్షా యాభై వేలు. చేరిన తేదీ విలీనం రోజుకు జరిగితే ఈ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అందుకని వదలొద్దు.

ఈ విషయంలో మన రాష్ట్రానికి చెందిన పాత కేసు ఒకటుంది. అనకాపల్లిలో ఒక చక్కెర కంపెనీని సహకార సంఘం కొనుక్కుంది. కొత్తవాళ్లు కొందరు కార్మికుల్ని తీసుకోలేదు. పరిహారం తీసుకున్నాక కూడా, కొన్నవాళ్లే మాకు పని ఇవ్వాలని వాళ్లు అడిగారు. 1962లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. పరిహారం హక్కు, కొత్త యజమాని దగ్గర ఉద్యోగం మాత్రం హక్కు కాదు అన్నది తీర్పు సారాంశం. కఠినంగా అనిపిస్తుంది, కానీ చట్టం ఎక్కడ దాకా కాపాడుతుందో ముందే తెలిసి ఉండాలి.

ఇందులో మీరు "కార్మికుడు" అవునా కాదా అన్న ప్రశ్న వస్తుంది. లెటర్‌లో ఎగ్జిక్యూటివ్ అనో ఆఫీసర్ అనో రాసినంత మాత్రాన మీరు మేనేజరు కారు. కోర్టు చూసేది రోజూ చేసే పనిని. కౌంటర్లో కూర్చుని బోర్డింగ్ పాసులు ఇస్తుంటే మీరు కార్మికులే. ఇతరుల పనిని పర్యవేక్షించడమే మీ ప్రధాన పని అయి, వేతనం 18,000 దాటితే ఈ రక్షణ ఉండదు. షిఫ్టు ఇన్‌చార్జులు ఇక్కడే చిక్కుకుంటారు.

బదిలీ సంగతి. ఎక్కడికైనా వేయవచ్చన్న షరతు ఉంటే మామూలుగా కోర్టులు జోక్యం చేసుకోవు. మీ పాత లెటర్లో కూడా ఆ వాక్యం ఉందేమో చూడండి, చాలా సంస్థల్లో ఉంటుంది. అయితే సంస్థ విధానం అనే ముసుగులో దురుద్దేశంతో బదిలీ చేయడం అన్యాయ కార్మిక విధానాల జాబితాలో ఉంది. మనిషిని రాజీనామా చేయించడానికే బదిలీ చేశారని చూపించడం తేలిక కాదు, అసాధ్యమూ కాదు. నాన్నగారి వైద్యం కాగితాలు, 2021లో మీరు పెట్టుకున్న అర్జీ, దాని మీద వచ్చిన ఆర్డరు అన్నీ ఒకచోట ఉంచండి.

శుక్రవారానికి చేయాల్సింది: నొక్కకముందే హెచ్ఆర్‌కు మర్యాదగా ఒక మెయిల్ పంపండి. "2015 నుంచి నా సర్వీసు గ్రాట్యుటీ, సెలవులు, పరిహారం అన్నింటికీ కొనసాగుతుందని రాతపూర్వకంగా తెలియజేయగలరు" అని అడగండి. మీ సొంత మెయిల్‌కు కాపీ పెట్టుకోండి. జవాబు వచ్చినా రాకపోయినా మీరు అడిగినట్టు సాక్ష్యం ఉంటుంది. విలీనం పథకం కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. ఆ పథకంలో సాధారణంగా ఉద్యోగుల గురించి ఒక పేరా ఉంటుంది, సర్వీసు విరామం లేకుండా తీసుకుంటామని. లిస్టెడ్ కంపెనీ అయితే ఆ పత్రం స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్లోనే దొరుకుతుంది. మీ లెటర్‌కూ ఆ పేరాకూ పొంతన లేకపోతే మీ వాదనకు అంతకంటే బలం ఇంకోటి లేదు.

విమానయానం కేంద్రం పరిధి. ఫిర్యాదు పెట్టాల్సి వస్తే కేంద్ర లేబర్ కమిషనర్ యంత్రాంగం దగ్గరికి వెళ్లాలి, మన జిల్లా లేబర్ ఆఫీసుకు కాదు. చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు.

జవాబు: పద్మావతిపురం, విమానాశ్రయాల సంస్థ రిటైర్డ్

నాయనా, నేను ఏ విమాన కంపెనీలోనూ పనిచేయలేదు. విమానాశ్రయం వైపు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కౌంటర్ల మీద బోర్డులు మారడం మాత్రం చాలా చూశాను. బోర్డు మారిన ప్రతిసారీ ఆ కౌంటర్ వెనకాల కూర్చున్న పిల్లల ముఖాలు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు.

2007 ఒక్క ఏడాదిలోనే ఎన్ని జరిగాయో చూడు. జెట్ వాళ్లు ఎయిర్ సహారాను కొన్నారు. కింగ్‌ఫిషర్ వాళ్లు ఎయిర్ డెక్కన్‌లో వాటా కొన్నారు. ప్రభుత్వం ఎయిర్ ఇండియానూ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌నూ కలిపింది. మరుసటి ఏడాది అక్టోబరులో జెట్, కింగ్‌ఫిషర్ పొత్తు ప్రకటించిన కొద్ది రోజులకే జెట్ దాదాపు 1,900 మందిని తీసేస్తామంది. దేశమంతా గోల అయ్యింది, వెంటనే వెనక్కి తీసుకున్నారు. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగిపోయింది. కొన్నవాళ్లే మునిగారు, వాళ్లతో పాటు కొనబడినవాళ్ల దగ్గరి నుంచి వచ్చిన ఉద్యోగులూ మునిగారు. అందుకని నా మాట ఒకటే: లెటర్‌లో ఏం రాశారన్నదానితో పాటు నిన్ను కలుపుకుంటున్న సంస్థ అప్పులెంత, విమానాల అద్దెలు కడుతోందా, జీతాలు ఒకటో తారీఖున వేస్తోందా కనుక్కో. ఆ సంస్థలో పనిచేసేవాళ్లు రేణిగుంటలోనే ఉన్నారు కదా, పక్క కౌంటరే. వాళ్లను అడుగు.

ఇక సీనియారిటీ. దీని గురించి ఎవరూ ఎత్తలేదు, నాకు ఆశ్చర్యంగా ఉంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో రెండు కంపార్ట్‌మెంట్ల తలుపులు ఒకేసారి తీసి ఒకే వరుసలోకి వదిలితే ముందు ఎవరు వెళ్లాలి? రెండు వైపులా రాత్రంతా కూర్చున్నవాళ్లే. ప్రభుత్వ సంస్థల విలీనంలో సరిగ్గా ఇదే గొడవ ఏళ్ల తరబడి నడిచింది. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నుంచి వచ్చిన పైలట్లు జీతాల్లో సమానత్వం కోసం సమ్మె చేశారు. 2012లో ఎయిర్ ఇండియా వైపు పైలట్లు చేశారు, డ్రీమ్‌లైనర్ అనే కొత్త పెద్ద విమానాల శిక్షణ అవతలివాళ్లకు కూడా ఇస్తున్నారని. జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేసి జీతాలు, హోదాలు కలిపే దారి అడగాల్సి వచ్చింది. విలీనం అయిన నాలుగైదేళ్లకు!

అమెరికాలో ఇంకా ఘోరం. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే ఇంకో విమాన సంస్థను తీసుకుంది. టీడబ్ల్యూఏ క్యాబిన్ సిబ్బందిని సీనియారిటీ జాబితా అట్టడుగున చేర్చారు. ఏళ్లకేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు నిన్నగాక మొన్న చేరినవాళ్ల వెనక్కి వెళ్లారు. సెప్టెంబరు 11 దాడుల తర్వాత కోతలు పడితే ముందు పోయింది వాళ్లే. ఆ అన్యాయం చూసే 2007లో అక్కడ ప్రత్యేకంగా చట్టం చేశారు, విమాన సంస్థలు కలిసినప్పుడు సీనియారిటీని న్యాయంగా కలపాలని. మన దగ్గర అట్లాంటిది లేదు.

చివర చేరినవాడు ముందు పోవాలన్నది మన దేశంలో తొలగింపులకు సాధారణ సూత్రం, వకీలు గారు కాదంటే చెప్పాలి. నీ తేదీ 2015 నుంచి విలీనం తేదీకి మారితే నువ్వు "చివర చేరినవాడివి" అయిపోతావు. ఆ గడిని అంత తేలిగ్గా వదలకు.

ఒక ధైర్యం చెబుతాను. కొండకు జనం రావడం ఆగదు. రేణిగుంటలో దిగే ప్రయాణికుడు దిగుతూనే ఉంటాడు, పని ఈ ఊళ్లోనే ఉంటుంది. అది ఎవరి పేరు మీద జరుగుతుందన్నదే మారుతుంది. అందుకని ఇక్కడి పని తెలిసిన మనిషిగా నీ పేరు అందరికీ తెలిసేటట్టు ఉండు, పక్క సంస్థల స్టేషన్ మేనేజర్లతో పరిచయాలు ఇప్పటి నుంచే పెట్టుకో.

జవాబు: చిత్తూరు వకీలు

పెద్దాయన చెప్పింది నిజం. ఒకే రకం పనిలో ఉన్నవాళ్లలో చివర వచ్చినవాళ్లను ముందు తీయాలన్నది కొత్త కోడ్‌లోనూ ఉంది. వేరేగా చేస్తే కారణాలు రాసి పెట్టాలి.

లోడర్ల గురించి రాయడం మిగిలిపోయింది. వాళ్ల యజమాని కాంట్రాక్టరు కాబట్టి విలీనం వల్ల వాళ్లకు నేరుగా ఏ హక్కూ పుట్టదు. విమాన సంస్థ కాంట్రాక్టు మార్చేస్తే కొత్త కాంట్రాక్టరు వాళ్లను తీసుకోవాలన్న నియమం లేదు. అయినా రెండు ఆధారాలు ఉన్నాయి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన సంస్థ కట్టాలి, పీఎఫ్ విషయంలోనూ ఆ బాధ్యత దానిదే. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు కాంట్రాక్టరు దగ్గరి నుంచి తొలగింపు పరిహారం రావాలి. దానికి హాజరు రుజువు కావాలి. విమానాశ్రయం ఎంట్రీ పాస్ ఫొటో, బ్యాంకులో పడిన జీతం, డ్యూటీ రోస్టర్ ఫొటోలు అన్నీ పనికొస్తాయి. పాస్ గడువు తీరితే వెనక్కి తీసుకుంటారు, ముందే రెండు వైపులా ఫొటో తీసుకోమనండి. బయట ఎవరికీ పంపకుండా తమ దగ్గరే ఉంచుకోమనండి.

ప్రశ్న అడిగినవారు: ఏడుకొండల కింద

అందరికీ చేతులెత్తి నమస్కారం. వకీలు సార్ చెప్పినట్టే బుధవారం మెయిల్ పెట్టాను. మా స్టేషన్‌లో మిగతావాళ్లు కూడా అదే మెయిల్ వాళ్ల వాళ్ల పేర్లతో పెట్టారు. గురువారం సాయంత్రం అందరికీ కలిపి జవాబు వచ్చింది. గ్రాట్యుటీకి, సెలవులకు పాత తేదీయే లెక్క అని రాశారు. పరిహారం, సీనియారిటీ మాటలు ఎత్తలేదు. బదిలీల గురించి "వ్యాపార అవసరాలను బట్టి" అన్నారు. ఆ జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టి, శుక్రవారం అంగీకరిస్తున్నాను అని నొక్కాను. పక్క కౌంటరు వాళ్లను కూడా అడిగాను. జీతాలు సమయానికే పడుతున్నాయట, అంతవరకు మనసు కుదుటపడింది.

లోడర్ల పిల్లలను డ్యూటీ అయ్యాక రేణిగుంటలో టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కరి ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించాను. కొందరికి జీతంలో కోత పడుతోంది కానీ పాస్‌బుక్‌లో కొన్ని నెలలు ఖాళీగా ఉన్నాయి. ఇద్దరికి యూఏఎన్ (పీఎఫ్ ఖాతాకు ఉండే నంబరు) కూడా తెలియదు. ఇంతకాలం వాళ్ల కష్టం ఎవరి ఖాతాలోకి పోయిందో అని చాలా బాధ అనిపించింది. సార్, ఇది విలీనానికి ముందే తేల్చుకోవాలా, తర్వాతైనా అడగొచ్చా?

జవాబు: చిత్తూరు వకీలు

ముందే. విలీనం అయినా బాధ్యత పోదు, కానీ కాంట్రాక్టరు మారితే పాత రిజిస్టర్లు దొరకవు. ఖాళీగా ఉన్న నెలల జీతం స్లిప్పులు, అదే నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పాస్‌బుక్ ప్రింటు ఒక్కొక్కరివి విడివిడిగా పెట్టండి. పీఎఫ్ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్‌లో ఎవరి ఫిర్యాదు వాళ్ల పేరుతోనే వేయాలి. అందులో కాంట్రాక్టరు పేరుతో పాటు పని చేయించుకున్న సంస్థ పేరు కూడా తప్పకుండా రాయించండి. యూఏఎన్ తెలియని ఇద్దరికి ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబరుతో పోర్టల్‌లోనే దొరుకుతుంది. శనివారం నేను తిరుపతి కోర్టుకు వస్తున్నాను. కాగితాలతో పిల్లలను మధ్యాహ్నం తీసుకురండి, ఫిర్యాదు నేనే రాసిస్తాను. ఫీజు అక్కర్లేదు.